చెయ్యి తియ్యని హల్వా

ఇదంతా కోత అనుకునేవాళ్ళు ఇప్పుడే చాప దులుపుకుని లేవండి. కూచున్నవాళ్ళు మాత్రం చివర్లో "నిజమేనా?" అని అడక్కూడదు. అదీ షరతు.

చింతలకోడూరులో బుర్రవారని ఓ కుటుంబం. "ఊళ్ళోవాళ్ళకి బుర్ర తలలోనే ఉంటుంది, మాకు ఇంటిపేరులో కూడా ఉంది" అని వాళ్ళ గొప్ప. ఇంటిపెద్ద బంగారయ్య, అతని పెళ్ళాం శేషారత్నం, పెళ్ళికాని తమ్ముడు చిన్నబ్బి. నలభై గుమ్మాలెక్కినా చిన్నబ్బికి పిల్ల దొరకలేదు. ఇంటెడు చాకిరీ శేషారత్నం ఒక్కదానిదే. తోడికోడలంటూ వస్తే రోజూ తనే జడ వేస్తానని మొక్కుకుంది పాపం.

నలభై ఒకటో సంబంధం వచ్చింది. పిల్ల నాయనమ్మ కబురంపింది: "రేపు పిల్లని వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికొస్తా. నాకు పళ్ళు లేవు, గోధుమ హల్వా చేసి పెట్టండి. అది గొంతులోకి జారిందా, పిల్లనిస్తాం."

ఇంకేముంది! శేషారత్నం గోడ దగ్గరికి పరుగెత్తి పక్కింటి పేరిందేవమ్మని అడిగింది.

"ఏముందే! నానిన గోధుమల్లోంచి పాలు తియ్యి. పంచదార, నెయ్యి వేసి పొయ్యెక్కించు. అడుగంటనివ్వకు, గరిటె మీంచి చెయ్యి తియ్యకు. నెయ్యి తేలగానే దించెయ్యి."

మర్నాడు బంగారయ్య చెంబు పట్టుకుని, నానిన గోధుమల గంగాళం ముందు గొంతుక్కూచున్నాడు. ఎంత నిమిరినా చుక్క రాలేదు.

"దూడని వదలందే చేపుతాయా అన్నయ్యా?" అన్నాడు చిన్నబ్బి.

"అదీ బుర్రంటే!"

దూడని వదిలారు. అంతే! సగం గంగాళం ఖాళీ. పేరిందేవమ్మ గోడ మీంచి చూసి, నెత్తి కొట్టుకుని, "రుబ్బి పిండండర్రా!" అని అరిచింది కాబట్టి మిగిలిన సగానికైనా పాలొచ్చాయి.

పొయ్యి వెలిగింది. శేషారత్నం గబుక్కున అరుగెక్కి కాళ్ళు ముడుచుకుంది. "ఏవండీ, అడుగంటకూడదట! నా అడుగు నేలకంటిందా, హల్వా పాడు!"

అన్నదమ్ములు దూలానికి మోకు వేసి, పీట కట్టి, ఆవిణ్ణి పొయ్యి పక్కన వేలాడదీశారు. చెయ్యి జారకుండా తువ్వాలుతో గరిటెకి కట్టేశారు. ఆవిడ తిప్పిన తిప్పుడికి హల్వా ఒకవైపు, ఆవిడ ఇంకోవైపు బొంగరాల్లా తిరిగారు. ఆ వాసనకి ఏడూళ్ళ చీమలు బారులు తీరాయి!

నెయ్యి తేలింది. "దించండీ!" అని కేకేసింది. బంగారయ్య మోకు వదిలేశాడు. అంతే, శేషారత్నం దబ్బున కింద, హల్వా పొయ్యి మీదే!

"దించేశాగా, ఇంకా కుతకుతలాడుతుందేం?" అన్నాడు బంగారయ్య.

పేరిందేవమ్మ గోడ దూకొచ్చి బాణలి దించింది కాబట్టి హల్వా బతికింది.

సాయంత్రం నాయనమ్మ ముద్ద నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. హల్వా జర్రున జారింది!

"అమృతమే అమ్మాయ్! ఇంకేం చూడాలి? మా పిల్లని నీ చేతుల్లో పెడుతున్నాం" అంది ముసలమ్మ.

శేషారత్నం చేతులవైపు చూసుకుంది. ఒకటి ఇంకా గరిటెకే ఉంది. తియ్యమని పేరిందేవమ్మ చెప్పలేదు మరి! పిల్లవైపు చూసింది. బొద్దుగా, పుష్టిగా ఉంది. ఇంకేముంది, భోరుమంది.

"నావల్ల కాదు నాయనమ్మగారూ! ఒంటిచేత్తో ఇంత పిల్లని ఎలా మొయ్యను? తీసుకెళ్ళిపోండి!"

తీసుకెళ్ళిపోయారు.

బంగారయ్య పెళ్ళాం భుజం తట్టాడు. "మంచిపని చేశావే. కింద పడేస్తే పరువు పోయేది. అదీ బుర్రంటే!"

సాక్షి కావాలా? ఆ దూడే. ఇప్పుడు పెద్దావై, గోధుమ బస్తా కనిపిస్తే చాలు, పాలకోసం మూతి పెడుతోంది. పేరు చుక్కమ్మ.