రాజుగారి మెడలో తాత

రోము సామ్రాజ్యం కూలి తరాలు గడిచినా, దానికి ఉత్తరాన ఒక చిన్న రాజ్యంలో బంగారు నాణేల మీద రోము చక్రవర్తి ముఖమే ఉండేది. దాని చుట్టూ ఉన్న అక్షరాలు ఎవరికీ చదవడం రాక వంకర గీతలైపోయాయి గానీ, ముఖం మాత్రం చెదరలేదు.

కొత్త రాజు వాల్గర్ తన ముఖంతో నాణేలు వేయించి, “వీటిని వద్దన్న చెయ్యి నరికిస్తా” అని చాటింపు వేయించాడు.

ఉప్పు అమ్ముకునే ముసలి ఇల్డ వద్దంది. భటులు ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

“నా ముఖం నీకంత చేదైందా?” అన్నాడు రాజు.

“అయ్యో, ఎంతమాట! మీ మెడలోని ఆ పాత నాణెం నాకిచ్చి, కొత్తది కట్టుకోండి ప్రభూ. ఇక నేనూ కొత్తవే తీసుకుంటాను” అంటూ ఇల్డ చెయ్యి చాపింది.

రాజు చెయ్యి గభాలున గుండె మీది నాణేన్ని కప్పేసింది. చిన్నప్పుడు నాయనమ్మ దిష్టి తగలకుండా కట్టిన నాణెం అది. దాని మీది ముఖాన్ని చూపిస్తూ “తాత చూస్తున్నాడు, పడుకో నాన్నా” అనేది.

“నా చెయ్యీ అచ్చం అలాగే వెనక్కి పోయింది ప్రభూ. ఇప్పుడు ఎవరి చెయ్యి నరికిస్తారు?” అంది ఇల్డ.

రాజు నాణెం మీది ముఖాన్ని వేలితో తడిమాడు.

“అవ్వా, మీ ఇంట్లోనూ ఈయన్ని తాతనే అనేవారా?”