పడవ వెంట వచ్చిన సీల్ తల్లి

అనగనగా సముద్రం పక్కన ఓ జాలర్ల ఊళ్ళో పోలయ్య, సోములు అని ఇద్దరన్నదమ్ములుండేవారు, బుజ్జమ్మా. వాళ్ళకి అమ్మా నాన్నా లేరు. తమ్ముణ్ణి అన్నే పెంచాడు.

పెద్దయ్యాక ఇద్దరూ ఓడలో పనికి కుదిరి, ఎక్కడో చలి దేశం దాకా వెళ్ళారు. అప్పుడు పెద్ద గాలివాన వచ్చి ఓడ మునిగిపోయింది. వీళ్ళిద్దరే ఓ రాళ్ళ దిబ్బ మీదికి కొట్టుకొచ్చారు. సోములు కాలు విరిగింది.

ఆ రాళ్ళ నిండా సీల్ జంతువులు. కుక్క మొహం, చేప ఒళ్ళు, గుండ్రటి నల్ల కళ్ళు. నీళ్ళు తగ్గితే రాళ్ళెక్కి పడుకునేవి. పెరిగితే జారి ఈదేవి. రాతి మీద బస్తాల్లా దొర్లేవి, నీళ్ళలో దిగితే పట్టుగుడ్డలా సాగిపోయేవి. వాటిని చూస్తూ సోములు నొప్పి మరిచిపోయేవాడు. అందులో ఒక తల్లీ పిల్లా అంటే మరీ ఇష్టం.

మొదటిరోజు గుంటల్లో వాననీళ్ళు తాగారు. రెండోరోజు తినడానికి నాలుగు నత్తగుల్లలు దొరికాయి. మూడోరోజు ఏమీ దొరకలేదు. సోములుకి జ్వరం వచ్చి కళ్ళు మూతలు పడి, మాట పడిపోతోంది.

అప్పుడు తల్లి సీల్, పిల్లని రాతి మీద వదిలి వేటకెళ్ళింది. పోలయ్య మొలలో కత్తి తీశాడు. పిల్ల పారిపోలేదమ్మా. దగ్గరికొచ్చి అతని పాదం వాసన చూసింది. పోలయ్య ఏడుస్తూనే దాన్ని చంపేశాడు.

ఆ తర్వాత చిన్న చిన్న ముక్కలు కోసి తమ్ముడి నోట్లో పెట్టాడు. నిప్పు లేదుగా, పచ్చివే.

"రగతం వాసనొస్తందన్నా. ఏటిది?"

"సేపరా. తిను."

తాను మాత్రం ఒక్క ముక్కా ముట్టలేదు.

తల్లి వచ్చింది. మూడుసార్లు రాయెక్కి వెతికింది, మూడుసార్లు నీళ్ళలోకి దిగింది. దాని అరుపు వినలేక పోలయ్య చెవులు మూసుకున్నాడు.

రెండ్రోజులకి చేపల పడవొకటి వచ్చి వాళ్ళని ఎక్కించుకుంది. తల్లి సీల్ తల పైకెత్తి, చాలాదూరం పడవ వెంట ఈదింది.

"అన్నా, సూడు! మనల్ని సాగనంపుతంది!" అని సోములు చెయ్యి ఊపాడు. పోలయ్య తల దించుకున్నాడు.

ఊరు చేరారు. సోములుకి పెళ్ళయింది, కూతురు పుట్టింది. సాగనంపిన సీల్ కథ కూతురికి చెప్పేవాడు. అది మొదలెట్టగానే పోలయ్య లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు సోములు కూతురు పెదనాన్న వెనకాలే వెళ్ళింది. "మరి దాని పిల్ల ఏటయిపోనాది పెదనాన్నా?"

పోలయ్య సముద్రం వైపు చూస్తూ, "నానే సంపీసినానమ్మా" అన్నాడు.

ఆ మాట లోపల సోములుకి వినబడింది. కుంటుకుంటూ వచ్చాడు. ఆరోజు తాను తిన్నది చేప కాదని అప్పుడు తెలిసింది. అన్న పక్కన కూర్చుని, ఆ కత్తి పట్టిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

కథేమో కంచికి,
కెరటం ఒడ్డుకి,
నా బుజ్జమ్మ నిద్దరకి.