బయటికి రాని సరుకు

నీలవేణికి ఒకటే దిగులు. నాలుగేళ్లు ఒకే జన్యువు వెంట పడింది. నాలుగేళ్లంటే మాటలా! ఈ సాయంత్రంలోగా పేపరు పంపకపోతే, అదే జన్యువు మీద పనిచేస్తున్న వేరే ఊరి లాబ్ వాళ్లు ముందు అచ్చేసుకుంటారు. గురువు పైడిరాజు గారేమో సంతకం పెట్టరు.

"ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పనేటమ్మా?" అన్నారాయన.

"మోత పని సార్. కణంలో తయారైన సరుకు చిన్న చిన్న సంచుల్లో అంచుదాకా వెళ్లి, పొరలో కలిసి బయట పడుతుంది కదా. ఆ జన్యువుని తీసేశాను. కణాల చుట్టూ ఉన్న ద్రవంలో సరుకు లేనే లేదు. అంటే సంచుల్ని మోసేది పోయినట్టే."

"సంచులు కదల్లేదంటావు."

"కదిలితే సరుకు బయటికి రాదా సార్?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "అరగంటాగి రా. సంతకం సంగతి అప్పుడు చూద్దాం."

అరగంటకి వెళితే ఆయన గదికి లోపల గడియ వేసి ఉంది. ఇదేం చోద్యం! పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా ఎవరూ ఎరగరు. అటెండరు అప్పన్న టీ గ్లాసుతో నిలబడ్డాడు. గుమాస్తా ఫైళ్లతో వచ్చింది. సెలవు చీటీలతో ఇంకో ముగ్గురు. కొట్టారు, పిలిచారు. లోపల కుర్చీ కిర్రుమంటోంది, మనిషి మాత్రం పలకడు. టీ చల్లారిపోయింది. నీలవేణికి ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి తలుపు తీశారు. గుమ్మం ముందు ఆరుగురూ ఒకరి మీదొకరు పడేలా ఉన్నారు.

"ఇంతసేపూ నా బల్ల మీదికి ఒక్క కాగితం రాలేదమ్మా," అన్నారు నీలవేణితో. "మీకెవరికీ కాళ్లు లేవేమో అనుకున్నాను."

అప్పన్న పగలబడి నవ్వాడు. నీలవేణి నవ్వలేదు. గిరుక్కున తిరిగి మైక్రోస్కోపు గదికి పరుగెత్తింది. ఇన్నాళ్లూ బయటి ద్రవాన్ని కొలిచిందే తప్ప, లోపల సంచులెక్కడున్నాయో చూసిన పాపాన పోలేదు. కణాలకి రంగు పట్టించి కన్ను ఆనించింది. మధ్యలో పెద్దగా ఏమీ లేదు. అంచు పొడుగునా, పొరని ఆనుకుని, సంచులే సంచులు.

పైడిరాజు గారు వెనకాలే వచ్చి కలం తీశారు. "ఏదీ, పేపరు ఇలా తే. సాయంత్రం అయిపోతోంది."

"వద్దు సార్, ఆ లాబ్ వాళ్లనే ముందు అచ్చేసుకోనీండి," అంది కన్ను తీయకుండానే. "అన్నీ వచ్చాయి సార్... అన్నీ గుమ్మందాకా వచ్చి నిలబడ్డాయి."