ముందు పోసిన సారం

“బుల్లెమ్మా, మీ ఊరి వాటా కాగితం మీద పెట్టాకే ఈ ఆకు కొండ దిగుతుంది.”

మారేడుమిల్లి పైన, వాన వెలిసిన మధ్యాహ్నం పూట పరిశోధన సంస్థ పెద్ద ఇచ్చిన మాట ఇది. రక్తనాళాలకు మందయ్యే ఆ కొండతీగను చూపించింది బుల్లెమ్మే. ఏడాది తిరక్కుండా మూడు లారీల ఆకు దిగిపోయింది. కాగితం మాత్రం ఆమె గుమ్మం ఎక్కలేదు. నాలుగో లారీ ఆగస్టు పదిన బయల్దేరుతుందని తెలిసి, పరిశోధక విద్యార్థి సునంద్ నిప్పులు కక్కుతూ ప్రయోగశాలలోకి వచ్చాడు.

“అడవి మీద హక్కు అడవి బిడ్డలదే మేడమ్! దోపిడీ నశించాలి!”

“నశిస్తుందిలే గానీ, ముందు చెప్పులు విప్పి రా,” అంది హైమవతి మేడమ్. ఇరవై ఏళ్లుగా రక్తనాళాల కణాలను గాజు పళ్లేల్లో పెంచుతున్న మనిషి ఆమె. శిష్యులు ఏం అడిగినా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టడం ఆమె అలవాటు.

“మందు అమ్ముడయ్యాక ఇస్తాం, ముందైతేనేం తర్వాతైతేనేం అంటున్నారు సంస్థవాళ్లు. వాళ్లకేం చెప్పను?”

ఆమె కణాలు పెరుగుతున్న రెండు పళ్లేలు తీసి, ఒకదానిలో తీగ సారం పోయమంది. మర్నాడు పొద్దున రెండింటిలోనూ పెరాక్సైడ్ చుక్కలు వేయించింది. పొగా చక్కెరా నాళాల లోపొరను ఏళ్ల తరబడి కాల్చే మంటను ఆ చుక్కలు గంటల్లో రగిలిస్తాయి. అవి వేశాక రెండో పళ్లేనికీ అదే సారం, అదే కొలత.

సాయంత్రం సునంద్ కన్ను ఆనించాడు. మొదటి పళ్లెంలో కణాలు వానకు తడిసిన రాళ్ల బాటలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. దాని మీద వట్టి కాళ్లతో నడుస్తున్నట్టూ, పక్కనే ఎర్రటి ఏరు మెల్లగా పారుతున్నట్టూ అనిపించింది. ఎంతసేపు నడిచాడో. రెండో పళ్లెంలో బాట లేదు. ముడుచుకుపోయిన కణాలు పట్టు వదిలేసి, ఎటు పోవాలో తెలియని మనుషుల్లా తేలుతున్నాయి.

“రెండింటికీ ఒకే సారం కదా మేడమ్?”

“పోసింది నువ్వే కదయ్యా.”

అతను సీసాలో మిగిలిందంతా రెండో పళ్లెంలో వంపేశాడు. ఆ లేత పచ్చని నీళ్లలో కణాలు ఇంకాస్త నెమ్మదిగా తేలాయి, అంతే. సునంద్‌కు ఒక్క నినాదమూ గుర్తుకు రాలేదు.

హైమవతి మేడమ్ తెల్లకాగితం అతని ముందుకు జరిపింది.

“ఆ పెద్దమనిషిని ఇక్కడికి రమ్మని రాయి. ఈ రెంటిలో బుల్లెమ్మ ఊరు ఏదో చూసి చెప్పమను. ఆగస్టు తొమ్మిదిలోగా.”