కారు పిడికి బంగారు మేకులు

కారుకి బంగారు మేకులు కొట్టించాలని ఏ రాజుకైనా బుద్ధి పుడుతుందా? చింతలగట్టు రాజా తిమ్మభూపతి గారికి పుట్టింది. నిజానికి ఆ బుద్ధి కూడా ఆయన సొంతం కాదు, దివాను సోమనాథం పంతులు ఎక్కించింది.

అసలు తప్పు ఏనుగుది. సంస్థానం ఏనుగు లక్ష్మికి ఒకరోజు ఒళ్ళు దురద పెట్టింది. ఎదురుగా రాజావారి కొత్త కారు కనిపించింది. గోడ అనుకుందో ఏమో, ఆనుకుని హాయిగా గోక్కుంది. అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి. రెండు తలుపులూ అప్పచ్చి అయిపోయాయి.

కమ్మరులు సొట్టలు తీశారు, రంగు వేశారు. కారు తళతళలాడింది. ఇక తలుపుల పిడులూ, అంచున మెరిసే ఇత్తడి పట్టీలూ బిగించాలి. పాత బిగింపులు ఏనుగు కాళ్ళ కింద పడి పిండి అయ్యాయి.

అంతలో కబురొచ్చింది. ఎల్లుండి అత్తగారు రైలు దిగుతున్నారట! అత్తగారంటే రాజావారికి సింహస్వప్నం.

"ఆవిడ పట్టుకోగానే పిడి ఊడి చేతికొచ్చిందంటే నా పరువు గంగలో కలిసినట్టే. దేనితో బిగిద్దాం?" అని సభలో అడిగారు.

దివాను మీసం దువ్వుకున్నాడు. "రాజావారి కారుకి ఇనుప ముక్కలా? అప్రదిష్ట! బంగారు మేకులు కొట్టిద్దాం. ఏనుగు లాగినా ఊడవు, వంగవు."

రాజావారికి తాంబూలం అందిస్తూ నాలుగు నవ్వు మాటలు చెప్పడం కూర్మయ్య కొలువు. ఆ మాట వినగానే అతను కిసుక్కున నవ్వాడు. దివానుకి ఒళ్ళు మండింది.

"ప్రభూ, వీడి కొలువే దండగని ఎప్పటినుంచో మనవి చేస్తున్నాను. తమలపాకులు చుట్టేవాడికి మేకుల సంగతి ఏం తెలుసు?"

"మేకుల సంగతి తెలీదు గానీ దివాను గారూ, మనుషుల సంగతి కాస్త తెలుసు," అన్నాడు కూర్మయ్య. "పిడిని అందరూ లాగుతారు. పట్టీని ఎవరూ లాగరు, ఊరికే చూస్తారు. రెంటికీ ఒకే మందా?"

రాజావారికి పందేలంటే ప్రాణం. "భేష్! కుడి తలుపు కూర్మయ్యది, ఎడమ తలుపు దివానుది. ఎవరి బిగింపు గొప్పదో వారు కొలువులో ఉంటారు. రెండోవారి ఉద్యోగం ఊడుతుంది!"

కొలువు పోతే కూర్మయ్య బతికేదెలా? నవ్వించడం తప్ప అతనికి ఇంకో విద్య రాదు మరి.

కమ్మరిని బతిమాలి పిడికి బోల్టు వేయించాడు, లోపలివైపు నట్టు తిప్పించాడు. పట్టీలకి చిన్న స్ప్రింగు క్లిప్పులు పెట్టించాడు. నొక్కితే టక్కున కూర్చుంటాయి, కొత్త రంగు మీద గీత పడదు. అవతల దివాను ఖజానా నుంచి బంగారం తీసుకెళ్ళి, పిడికీ పట్టీకీ ధగధగలాడే మేకులు కొట్టించాడు. పరీక్షకి వస్తూ చేతికి ఒక కొత్త కడియం కూడా తొడుక్కొచ్చాడు.

పరీక్ష ఎవరు చెయ్యాలి? ఇంకెవరు, లక్ష్మి!

ముందు కూర్మయ్య పిడిని తొండంతో పట్టి లాగింది. కారు రెండు బారలు వెనక్కి వెళ్ళింది గానీ పిడి ఊడలేదు. జనం ఈలలు వేశారు. తర్వాత దివాను పిడిని లాగింది. కారు మళ్ళీ రెండు బారలు జరిగింది. ఆ పిడీ ఊడలేదు. మేకు ఒక్కటీ వంగలేదు.

"చూశారా ప్రభూ!" దివాను గాల్లో తేలిపోయాడు. "రెండూ నిలిచాయి. అతనిది ఇనుము, నాది బంగారం. గొప్ప ఎవరిదో వేరే చెప్పాలా?"

రాజావారు తల గోక్కున్నారు. "నిజమే కూర్మయ్యా. బంగారం బంగారమే కదా! మరి నీ కొలువు..."

కూర్మయ్య ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఒక్క అడుగు ముందుకేసి, వంగి, దివాను మేకుల్ని తేరిపార చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"దివాను గారూ, ఇవి మేలిమి బంగారమేనా?"

"అక్షరాలా!"

"ఏనుగు లాగినా వంగలేదు కదా?"

"వెంట్రుకవాసి వంగలేదు!"

కూర్మయ్య రాజావారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "మహాప్రభూ, రాణీగారి చేతి బంగారు గాజు పసిపిల్ల పట్టుకు లాగినా వంగుతుంది. మేలిమి బంగారం అంత మెత్తన. ఏకు మేకవడం విన్నాం గానీ, బంగారం ఇనుమవడం ఇప్పుడే చూస్తున్నాం!"

రాజావారు వేలి వజ్రపుటుంగరంతో ఒక మేకు నెత్తిన గీశారు. పైన పూత లేచిపోయింది. లోపల నల్లటి ఇనుము నిగనిగలాడింది.

"మరి ఖజానా బంగారం ఏమైంది పంతులూ?"

దివాను చెయ్యి వీపు వెనక్కి పోయింది. అందరి కళ్ళూ ఆ చేతి వెంటే పోయాయి. కొత్త కడియం!

"భలే పందెం!" రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పిడి ఊడలేదు, అందుకే నీ ఉద్యోగం ఊడింది! కూర్మయ్యా, ఆ కడియం నీదే, తీసుకో."

ఇద్దరు భటులు కడియం పట్టుకుని లాగారు. రాలేదు. దివాను చెయ్యి అంత బొద్దుగా ఉంది మరి. నలుగురు లాగారు. దివాను మొత్తం వచ్చాడు గానీ కడియం రాలేదు. ఇదేదో తన పనేననుకుని లక్ష్మి తొండం చాచింది. దివాను కెవ్వుమన్నాడు.

కూర్మయ్య పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"లాగకండి బాబూ, నా బోల్టులా తిప్పండి!"

తిప్పారు. కడియం సుతారంగా జారి కూర్మయ్య చేతిలో పడింది. రాజావారితో సహా కొలువంతా నవ్వలేక నేలమీద పడి దొర్లింది.