అవ్వ కూర్చున్న మిట్ట

తిరుపాలు మట్టి పని చేసే చైను లోడరు కొన్నాడు. రెండెకరాల చేను అమ్మినాడు, పెండ్లాం చేతి గాజులు అమ్మినాడు, మిగతాదానికి నెలనెలా కంతులు కడతానని సంతకం పెట్టినాడు. పదేండ్లు వాళ్ల బండ్లూ వీళ్ల బండ్లూ తోలినోడు సొంత బండి ఎక్కితే ఆ కులుకే వేరు.

గంటకు పద్దెనిమిది వందలని చెప్పినాడు. టైరు బండ్లోళ్లు పన్నెండు వందలకే వస్తా ఉన్నారు. అయినా వీడు తగ్గలేదు. గులకరాళ్ల నేల మీద టైరు జారుతాది, చైను జారదు, గంటకు రెండింతల పని తెగుతాది. ఇదీ వాడి లెక్క. లెక్కలో తప్పేం లేదు.

మొదటి పని ఓబుల్ రెడ్డిది. నాలుగూర్లలో ఆయన మంచన్నది మంచి, చెడ్డన్నది చెడ్డ. చీనీ కాయల తోట పెట్టాలని చేను తీసుకున్నాడు గానీ, దాంట్లో పక్కపక్కన రెండు మిట్టలు. రెండూ ఒక్క తీరువి, కవల పిల్లల మాదిరి. వాటిని కోసి, ఆ మట్టి పల్లంలోకి తోసి, చేనంతా ఒక్క మట్టం చెయ్యాల.

రెడ్డి పని చూపించి టౌనుకు పోయినాడు. తిరుపాలు పొద్దున బండెక్కి ఆరు గంటలు దిగకుండా కొట్టినాడు. ఒక మిట్ట మొత్తం లేచిపోయింది. అంతటితో ఊరుకున్నాడా? బకెట్టు బోర్లించి వెనక్కి ఈడ్చి, చైను గుర్తులు కూడా కనపడకుండా, కళ్లం అలికినట్టు చేసి పెట్టినాడు.

సాయంత్రం రెడ్డి వచ్చి అటూ ఇటూ చూసినాడు.

"ఏమబ్బా, ఎన్ని గంటలు?"

"ఆరన్నా. మీటరు చూసుకో."

"మీటరుదేముంది? చెట్టు కింద నిలబెట్టి ఇంజిను ఆడించినా మీటరు తిరుగుతాది. నడుమెత్తు మిట్టకు ఆరు గంటలా? మూడంటే ఇస్తా."

"నడుమెత్తా! నా నెత్తి దాటి ఉండిందన్నా!"

"యాడ? చూపియ్యి."

తిరుపాలు చెయ్యెత్తినాడు. ఆ చెయ్యి పెట్టి చూపించేదానికి అక్కడ ఏమీ లేదు.

"ఇదిగో, రెండోది ఉండాది గదా, దాన్ని చూడు" అన్నాడు.

రెడ్డి దాన్ని చూసినాడు. ఆ మిట్ట మెల్లగా, వాలుగా ఎక్కుతాది. దూరం నుంచి కంటికి ఆనదు. "నేను చెప్పలా? నడుమెత్తే" అని రెడ్డి మోటారు సైకిలెక్కినాడు. పోతా పోతా, "ఇట్ల గంటలు మింగితే ఎవురు పిలుస్తారబ్బా నిన్ను" అన్నాడు.

ఆ మాట తిరుపాలుకు ముల్లు మాదిరి దిగింది. ఇంజిను ఊరికే ఆడించి గంటలు ఎక్కించేవాళ్లు ఉన్నారని వాడికీ తెలుసు. వాళ్ల దగ్గర పని చేసొచ్చినోడే వాడు. రెడ్డి నోట ఆ మాట ఊర్లో పడిందంటే బండి ఇంటి ముందర తుప్పు పట్టాల్సిందే.

తిన్నగా సుంకులవ్వ దగ్గరికి పోయినాడు.

సుంకులవ్వ మట్టి మేస్త్రి. కాలవ పనుల్లో, చెరువు పనుల్లో నలభై పారలు ఆమె మాటతో లేచేవి, ఆమె మాటతో దిగేవి. నాయన పోయినప్పుడు పదమూడేండ్ల తిరుపాలు చేతికి పార ఇచ్చింది ఆమే. ఏ మట్టి ఎట్ల తెగుతాదో, ఏ గట్టు ఎప్పుడు జారుతాదో నేర్పించింది ఆమే. వాడికి గురువంటే ఆ అవ్వే. ఒకటే తిక్క ఆమెకు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పదు.

అవ్వ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తా ఉంది. తిరుపాలు జరిగిందంతా చెప్పి, "పన్నెండు వందలకు దిగేదా అవ్వా?" అన్నాడు.

అవ్వ నాలుగు పప్పులు నోట్లో వేసుకుంది.

"నీ బకెట్లో మనిషి పడతాదా?"

"అదేంది అవ్వా?"

"పడతాదా, లేదా?"

"పడతాది."

"సరే పో. పొద్దున్నే వస్తా."

పొద్దున్నే కట్టె పొడుచుకుంటా వచ్చింది. తిరుపాలు నిన్నటి పని చూపించినాడు. "చూడవ్వా, నీళ్లు పోస్తే ఎటూ పారవు. అంత మట్టం."

"బాగా తుడిచినావురా" అంది అవ్వ.

తిరుపాలు మురిసినాడు. అవ్వ రెండో మిట్ట ఎక్కింది. దాని నెత్తిన ఎండుగడ్డి ఉన్న చోట కాళ్లు చాపి కూర్చుని వక్కాకు సంచి తీసింది.

"అవ్వా, లెయ్యి. బండి రావాల."

"రానీ."

"నువ్వాడ కూర్చుంటే నేను యాడ కొట్టేది?"

"చుట్టూ కొట్టు. నన్ను మాత్రం కొట్టాకు."

తిరుపాలు బతిమాలినాడు, కసురుకున్నాడు. అవ్వ ఆకుకు సున్నం రాసుకుంటా ఉంది. ఇంకేం చేస్తాడు? బండి ఆన్ చేసినాడు. నాలుగు పక్కలా బారెడు బారెడు వదిలి చుట్టూ కోసుకుంటా వచ్చినాడు. గట్టి గులక నేల, నిట్టనిలువుగా నిలబడింది. చుట్టూ మిట్ట దిగిపోతా ఉంటే అవ్వ పైకి లేస్తా ఉన్నట్టు కనపడింది. మూడు గంటలు కొట్టేసరికి అవ్వ వాడి క్యాబినంత ఎత్తున కనపడింది. దుమ్ము పడుతుందని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ కదలలేదు.

పని అయిపోవస్తా ఉండగా ఓబుల్ రెడ్డి వచ్చినాడు. చదునైన నేల మధ్యలో ఒక మట్టి దిమ్మ, దాని మీద గడ్డి, గడ్డి మీద అవ్వ. నవ్వాపుకోలేక దగ్గరికి వచ్చినాడు.

"ఏం సుంకులవ్వా, నీకు కూడా గంటల లెక్కేనా? కూర్చున్నందుకు ఎంత?"

"ఊరికే కూర్చున్నదానికి నేను తీసుకోను నాయనా" అంది అవ్వ పైనుంచి.

రెడ్డి తల పైకెత్తినాడు. అవ్వ మొగం చూడాలంటే మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది. ఆమె చెప్పులు ఆయన తలపాగాకు పైన ఉన్నాయి.

తిరుపాలు బకెట్టు మెల్లగా ఎత్తి దిమ్మ అంచుకు ఆనించినాడు. అవ్వ సంచి చంకన పెట్టుకుని దాంట్లోకి అడుగు పెట్టింది, అంచు పట్టుకుంది, పెండ్లికూతురు మాదిరి దిగింది.

రెడ్డి దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగినాడు. చెయ్యి పైకి చాపినాడు. వేళ్ల కొసలకు గడ్డి తగిలింది. అక్కడి నుంచి అడుగులు వేసుకుంటా చేను ఆ చివరికి పోయినాడు, ఈ చివరికి వచ్చినాడు. పెదాలు కదులుతా ఉన్నాయి. మళ్లీ దిమ్మ దగ్గరికి వచ్చి నిలబడినాడు.

"మా నాయన చెరువు పని చేయించినప్పుడు ఎంత మట్టి తీసినారో తెలిసేదానికి ఇట్లాంటి దిమ్మలు వదిలేవాళ్లు" అన్నాడు. "కొలత అయ్యేదాకా ఎవుర్నీ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు."

అవ్వ వక్కాకు సంచి మూతి బిగించింది.

"దీన్ని నడుమెత్తని అన్నానే నేను" అని రెడ్డి తలపాగా తీసి దుమ్ము దులుపుకున్నాడు. "ఈ పొద్దు ఎంత పట్టిందబ్బా?"

"ఆరు గంటలు దాటిందన్నా. అవ్వను తప్పించుకుని కొట్టాల్సొచ్చె."

"నిన్నటి ఆరు, ఇయ్యాలటి ఆరు. ఇంటికొచ్చి తీసుకో. శనివారం కింది చేన్లోకి రా, ఆడ మూడు మిట్టలు ఉండాయి." నాలుగు అడుగులు పోయి వెనక్కి తిరిగినాడు. "ఇంక తీసెయ్యబ్బా దాన్ని, చూసినా గదా."

తిరుపాలు బండెక్కి ఒక్క తోపుకు దిమ్మను పడగొట్టినాడు. గడ్డి మట్టిలో కలిసిపోయింది. ఇంజిను ఆపి దిగి అవ్వ దగ్గరికి వచ్చినాడు.

"అంతా బాగుంది గానీ అవ్వా, శనివారం రేటు ఎంతని చెప్పమంటావు?"

"రెడ్డి అడిగినాడా?"

"లేదు."

"మరి నువ్వెందుకు అడుగుతావురా?" అని అవ్వ కట్టె తీసుకుని గట్టెక్కింది.