మధ్య చరణాలు

రేపల్లెలో కృపావరం అయ్యగారిని ప్రశ్న అడగదలచినవాళ్లు కాస్త తీరిక చూసుకుని మరీ వెళతారు. పదవీ విరమణ చేసిన ఆ పాస్టరుగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. ప్రార్థనలో మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి చేత చర్చి ఆవరణలోని గోరింట కంచె అంతా కత్తిరింపించారు. ఆయన మనసు నిలిచిందో లేదో మనకు తెలియదు గానీ, కంచె మాత్రం చూడముచ్చటగా తయారైంది.

ఈ సంగతి హెప్సిబాకు చిన్నప్పుడే తెలుసు. సండే స్కూల్లో ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని పెరిగిన పిల్ల ఆమె. అయినా నవంబరులో ఒక శనివారం ఉదయం ఆయన వరండాలోకి వచ్చి కూర్చుంది. అప్పటికి ఆమెకు నిద్ర పట్టి చాలా కాలమైంది.

పదేళ్ల కూతురు కెజియానూ ఏడేళ్ల కొడుకు జోయెల్‌నూ ఆమె ఆ ఏడు బడికి పంపలేదు. బడి మీద ఆమెకు కోపమేమీ లేదు. ఎప్పుడూ ప్రశ్నలతో ప్రాణం తీసే పెద్దపిల్ల నాలుగో తరగతికి వచ్చేసరికి ‘ఇది పరీక్షలో రాదులే అమ్మా’ అనడం నేర్చింది. ఆ మాట హెప్సిబా గుండెలో గుచ్చుకుంది. ఇంట్లోనే చెప్పుకుందాం అనుకుంది. వెనకటివాళ్లు చదువుకున్న తీరులో, ముందు కంఠస్థం, ఆ తర్వాత తర్కం, ఆ పైన నలుగురి ముందు చక్కగా మాట్లాడటం, ఇవన్నీ దేవుని భయభక్తులతో కలిపి నేర్పే పాఠ్యక్రమాలు ఉన్నాయని విని వెతికింది. వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి. కష్టమంతా అక్కడే మొదలైంది.

ఒకదానిలో పేజీ పేజీకీ బైబిలు వాక్యం ఉంది గానీ, పిల్లలు బుర్రపెట్టి ఆలోచించాల్సింది పెద్దగా లేదు. రెండోదానిలో ఆలోచించాల్సింది బోలెడు, కాకపోతే గ్రీకు దేవతలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నారు. మూడోది అన్నింటికన్నా నచ్చింది, కానీ దాని నిండా లాటిన్. జూన్‌లో మొదలైన బేరీజు నవంబరుదాకా సాగింది. ఈలోగా పిల్లలు గాలిపటాలు ఎగరేసుకుంటూ, అత్తగారు రాహేలమ్మ గొణుక్కుంటూ కాలం గడిపారు. భర్త రత్నపాల్ గొంతు పెంచే మనిషి కాదు. క్రిస్మస్‌కల్లా చదువు మొదలు కాకపోతే జనవరిలో పిల్లల్ని మళ్లీ బడిలో వేసేద్దామని మాత్రం నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇదంతా ఆమె అయ్యగారికి పూసగుచ్చినట్టు చెప్పింది. మూడింటి గుణదోషాలూ వివరించింది. క్రైస్తవ తల్లిగా ఏది ఎంచుకుంటే దేవుడు మెచ్చుతాడని అడిగింది. అయ్యగారు కళ్లు మూసుకుని విన్నారు. ఇక చెప్పడానికి ఏమీ మిగలకపోయాక ఆమె తల దించుకుని అసలు మాట అంది.

“నేను చదివింది బీకామండీ. ఆ పుస్తకాల్లో సగం నాకే రాదు. నాకే రానిది వాళ్లకి ఏం నేర్పను?”

అయ్యగారు కళ్లు తెరిచారు. క్రిస్మస్‌కి చర్చిలో పాడే గొల్లల కీర్తన నీకు వచ్చు కదా అని అడిగారు. ఊయలలో ఉన్నప్పటినుంచీ వింటున్న పాట రాకపోవడమేమిటండీ అంది హెప్సిబా.

“అయితే అది పిల్లలకి నేర్పమ్మా. మొత్తం నేర్పు. ఆ తర్వాత మాట్లాడుకుందాం.”

పెద్ద ప్రశ్న పట్టుకొస్తే చిన్నపిల్లల పని చెప్పారే అని ఆమె కాస్త చిన్నబుచ్చుకునే ఇంటికి వెళ్లింది. అయినా గురువు మాట కాదనలేదు. ఆ సాయంత్రమే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి పల్లవి చెప్పింది, మొదటి చరణం చెప్పింది. పొలంలో మంద కాస్తున్న గొల్లలకు దూత కనబడింది. పిల్లలు ఇట్టే పట్టేశారు. ఆ ఊపులో ఆమె చివరిదైన అయిదో చరణం ఎత్తుకుంది. గొల్లలు పాకలో మోకాళ్లూని బిడ్డకు మొక్కుతున్నారు.

“మధ్యలో ఏమైందమ్మా? ఎలా వచ్చారు?” అంది కెజియా.

హెప్సిబా మధ్య చరణాల కోసం తడుముకుంది. ఆ మూడింట్లో ఒక్క ముక్కా తెలియదు.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. మన చర్చిల్లో కీర్తనలు పొడుగు, ఆరాధన సమయం పొట్టి, పైగా ఆదివారం మధ్యాహ్నం అందరి ఇళ్లలోనూ కోడికూర ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకని పాట నడిపించే పెద్దమనిషి ‘మొదటి చరణం, చివరి చరణం పాడుకుందాం’ అంటాడు. మనమూ సంతోషంగా ఒప్పుకుంటాం. ముప్ఫై అయిదేళ్లుగా హెప్సిబా ఆ గొల్లల్ని పొలంలోంచి ఎత్తి పాకలో దింపుతూనే ఉంది. దారి పొడుగునా వాళ్లు ఏం పడ్డారో ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

ఏదో ఒకటి కల్పించి చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఎదురుగా నాలుగు కళ్లు చూస్తున్నాయి. “నాకూ రాదే,” అంది.

ఆ మాటతో పిల్లలు నీరుగారిపోతారనుకుంది. జరిగింది వేరు. జోయెల్ అమ్మ ఒళ్లోకి జరిగాడు. కెజియా పరుగున పోయి నాయనమ్మ బీరువాలోంచి అట్ట ఊడిన పాత కీర్తనల పుస్తకం పట్టుకొచ్చింది. ముగ్గురూ తలలు ఆనించి రెండో చరణం చదివారు. గొల్లల దగ్గర దివిటీ లేదట, గుడ్డి వెన్నెలను నమ్ముకుని నడిచారట.

వెన్నెల గుడ్డిదెలా అవుతుందని జోయెల్ పట్టుకున్నాడు. హెప్సిబాకు తెలియదు. అది చూడటానికి డాబా ఎక్కారు. కొబ్బరాకుల మీద పలచటి మబ్బు వెన్నెల పడుతోంది. మనకు కనబడటం లేదు కాబట్టి గుడ్డిది అన్నాడు వాడు. మనం గుడ్డివాళ్లమైతే దాన్ని అనడం ఎందుకని అక్క వాదించింది. ఎవరి మాట నెగ్గిందో తేలలేదు, అన్నం మాత్రం చల్లారిపోయింది.

మూడో చరణం వరస ఎవరికీ అందలేదు. హెప్సిబా పాడిన ప్రతిసారీ తాళం జారిపోతుంటే, కెజియా తల్లి అరచేతిని తన చేతిలోకి తీసుకుని దెబ్బ వేసి చూపించసాగింది. ఇంత గొడవ వంటింట్లోకి వినబడుతుంటే రాహేలమ్మ ఎంతసేపని ఊరుకుంటుంది. బడి ఎగ్గొట్టించిన కోడలి మీద అలకను గుమ్మం అవతలే వదిలేసి లోపలికి వచ్చి, అది అలా కాదే అంటూ పెళ్లికి ముందు నేర్చిన వరస ఎత్తుకుంది. ఆ తర్వాత రోజుల్లో పిల్లలు పళ్లు తోముకుంటూ పాడారు, స్నానాల్లో పాడారు. అర్థం కాని మాట వచ్చినచోటల్లా అమ్మను లాక్కుపోయి నిఘంటువు ముందు కూర్చోబెట్టారు. రాత్రిళ్లు హెప్సిబాకు హాయిగా నిద్ర పట్టింది.

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. పాట నడిపించే సువర్ణరాజుగారు అలవాటు ప్రకారం కళ్లజోడు సవరించుకుని, గొల్లల కీర్తన, మొదటి చరణం, చివరి చరణం అని ప్రకటించారు. సంఘమంతా మొదటి చరణం పాడింది. హార్మోనియం చివరి చరణం అందుకుంది. మూడో వరసలో ఇద్దరు పిల్లలు మాత్రం కళ్లు మూసుకుని, గొంతు చించుకుని రెండో చరణంలోకి నడిచిపోయారు.

పాట చిందరవందరైంది. జనం తలలు తిప్పి చూశారు. హెప్సిబాకు తల కొట్టేసినట్టయింది. జోయెల్ నోరు మూయబోయి చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడు వాడు గుడ్డి వెన్నెల దగ్గరున్నాడు. ఆ చెయ్యి నోటిదాకా వెళ్లలేదు, భుజం మీదే ఆగింది. ఆమె కూడా అందుకుంది. పక్కన రాహేలమ్మ అందుకుంది. మిగతా గొంతులు ఒక్కటొక్కటిగా తగ్గిపోగా, హార్మోనియం కాసేపు తడబడి, వాళ్లను వెతుక్కుంటూ వచ్చి కలిసింది. సువర్ణరాజుగారు గడియారం వంక చూశారు, పిల్లల వంక చూశారు, చివరికి ఆ గడియారం కట్టిన చేత్తోనే బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టారు.

మూడో చరణానికి వెనక బల్లల్లోని ముసలమ్మలు కలిశారు. వాళ్లకు వచ్చు. ఎవరూ అడగక ఇన్నేళ్లూ నోట్లోనే ఉంచుకున్నారు. అయిదో చరణానికి చర్చి మొత్తం కలిసింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గొల్లలు తమ కాళ్లతో తాము నడిచి పాక చేరారు. హెప్సిబా పాడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆమె జన్మలో అంత సంతోషంగా పాడి ఎరగదు. ఆ రోజు ఊళ్లో మనవాళ్ల భోజనాలన్నీ ఆలస్యమయ్యాయి.

ఆరాధన అయ్యాక ఆమె భర్తను వెంటబెట్టుకుని అయ్యగారి దగ్గరకు వెళ్లింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెన్నెల దగ్గర మొదలుపెట్టి, నిఘంటువు, తాళం, అత్తగారు అన్నీ కలగాపులగంగా చెప్పింది. అలాంటి భార్యను రత్నపాల్ చాలా కాలంగా చూడలేదు, అతను నవ్వుతూ వింటున్నాడు. అంతా అయ్యాక ఆమెకు గుర్తొచ్చింది. అసలు ప్రశ్నకు అయ్యగారు జవాబు చెప్పనే లేదు. ఆ మూడింట్లో ఏది తీసుకోమంటారని మళ్లీ అడిగింది.

“ఆ మూడింట్లో నీకు బొత్తిగా రానిది ఏదమ్మా?” అన్నారాయన.

“లాటిన్ ఉన్నదండీ. ఒక్క ముక్క రాదు.”

“అయితే అదే మొదలుపెట్టండి, ముగ్గురూను,” అన్నారు కృపావరం అయ్యగారు.